రెండు చేతులూ పైకెత్తి

మా బావకి హథ్‌ఖోజ్‌లో ఫాబ్రికేషన్ షాపు ఉంది. భిలాయి ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని పెరిగిన పారిశ్రామిక వాడ అది. ఒక షెడ్డులో గర్డర్లు తయారవుతుంటే పక్క షెడ్డులో కాస్టింగులు పోస్తుంటారు. పగలూ రాత్రీ గ్రైండర్ల కూత, వెల్డింగ్ మెరుపులు, లోడు కోసం రోడ్డు వారన నిలబడ్డ ట్రైలర్లు. ఎండాకాలం ఆ రోడ్డు మీద నడిస్తే ఇనప పొడి పంటి కింద తగులుతుంది. బావ షాపు పెద్దదేం కాదు. రెండు బేలు, ఒక ఈఓటీ క్రేను, కొన్ని వెల్డింగ్ సెట్లు, ఒక ప్లేట్ బెండింగ్ మిషను. కానీ సొంతం. దాని విలువ తెలియాలంటే ఆ మాట మా మావయ్య నోట వినాలి.

మావయ్యది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర పల్లె. విజయనగరం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ పోయే లైన్లో జనరల్ బోగీ ఎక్కి భిలాయి చేరాడు. సోవియట్ సాయంతో కట్టిన ఆ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పటినుంచీ మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ‘భిలాయి పోతాను’ అనే మాట వినబడుతూనే ఉంది. ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగం దొరికినవాళ్లు సెక్టార్లలో క్వార్టర్లు సంపాదించుకున్నారు, సెక్టార్ 5లో బాలాజీ గుడి కట్టుకున్నారు. రైల్వేలో దొరికినవాళ్లు చరోదా యార్డు చుట్టూ స్థిరపడ్డారు. ఏదీ దొరకనివాళ్లు కంట్రాక్టర్ల దగ్గర చేరారు. మావయ్య ఆ మూడో జట్టువాడు. ఎరక్షన్ వెల్డరు. అంటే నేల మీద కూర్చుని చేసే వెల్డింగు కాదు. స్తంభాలు లేచాక, దూలాలు ఎక్కాక, పైకి పాకి అక్కడ చెయ్యాల్సిన పని. ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అంతే. అదే ఆయన నడక అనుకునేవాణ్ణి.

మొన్న దసరా సెలవుల్లో బావ మమ్మల్ని అందర్నీ ఖోపోలీ తీసుకెళ్లాడు. బావ కూతురు ఏడో తరగతి. సెలవులకి ఎక్కడికెళ్దామే అంటే నైట్రో అనే రోలర్ కోస్టరు ఎక్కాలంది. ముంబయికీ పుణెకీ మధ్య, ఖండాలా ఘాట్ దిగువన, సహ్యాద్రి కొండల అంచున 2013లో తెరిచిన ఇమాజికా పార్కులో ఉందది. లూపు కొట్టే కోస్టరు కోసం అంత దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ శివార్లలో, రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన వండర్‌లాలో రీకాయిల్ ఉంది. ముందుకి వెళ్లిన దారినే వెనక్కీ వస్తుంది, తలకిందులు చేసిన చోటే మళ్లీ తలకిందులు చేస్తుంది. కానీ పాపకి కొండలు కావాలి, కాళ్లు గాల్లో వేలాడాలి.

“ఖర్చంతా నాది బావా. నువ్వొచ్చి దానికి సైన్సు చెప్పు, చాలు” అన్నాడు బావ. నేను భిలాయిలో ఒక స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను.

బావ మంచివాడు. మొహమాటానికి రాస్తున్న మాట కాదిది. విశ్వకర్మ పూజ రోజు షాపులో పనిచేసే ప్రతివాడికీ కొత్త బట్టలు పెడతాడు. ఫీజు కట్టలేక ఎవరి పిల్లలైనా బడి మానే పరిస్థితి వస్తే తానే వెళ్లి కట్టొస్తాడు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, ప్రయాణం చెయ్యలేనంటే, ఆవిడ దగ్గర ఉండటానికి మనిషిని కుదిర్చి మరీ బయల్దేరాడు.

దుర్గ్‌లో ఆజాద్ హింద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. బెర్తు మీద ఉన్నాడన్న మాటే గానీ బావ మనసంతా హథ్‌ఖోజ్‌లోనే. అక్కడే ఒక పార్టీకి గోడౌన్ షెడ్డు కట్టిస్తున్నాడు. స్తంభాలు లేచాయి, ట్రస్సులు ఎక్కాయి, రేకుని మోసే పర్లిన్లు పడుతున్నాయి. దీపావళి లోపు పైన రేకు కప్పి అప్పగించాలి. డోంగర్‌గఢ్ దాటేలోపే నాలుగైదు ఫోన్లు చేశాడు. అవతల ఎక్కువగా పలికింది ఒక కుర్రాడు. మావయ్య ఊరివాడే, తండ్రి లేడు. తల్లి వచ్చి ‘మీ సేతిలో పెడతన్నాను బాబూ’ అని దణ్ణం పెడితే మావయ్యే వెంటబెట్టుకొచ్చి బావ దగ్గర చేర్చాడు. చురుకైన పిల్లాడు. సైటు లెక్కలు కూడా ఫోన్లో వాడే చెబుతాడు. ఆ రోజు లెక్కలన్నీ చెప్పాక చివర్లో అడిగాడు:

“అన్నయ్యా, అది ఎక్కినాక ఫొటో పంపండి. ఎలాగుంటాదో సూడాల.”

“పంపుతాన్రా. వచ్చే ఏడు నిన్నూ తీసుకెళ్తాను” అన్నాడు బావ.

రైల్లో పాపకి పాఠం మొదలెట్టాను. ఈ ఆట పుట్టింది రష్యాలో. సెయింట్ పీటర్స్‌బర్గ్ వైపు చలికాలంలో చెక్కతో పెద్ద వాలు కట్టి, దాని మీద నీళ్లు పోసి గడ్డకట్టించి, పై నుంచి జారేవాళ్లు. వందల ఏళ్ల కిందటి ముచ్చట. మావయ్య పై బెర్తు నుంచి తల వంచాడు.

“రస్యావోళ్లా? మన ఫర్నేసులు కట్టినోళ్లే కాదేటి?”

“వాళ్లే మావయ్యా.”

“మరి సెప్పరేటి ముందే” అని కిందికి దిగి నా పక్కన కూర్చున్నాడు. అక్కణ్ణుంచి నా పాఠానికి విద్యార్థులు ఇద్దరయ్యారు. నిజానికి పెద్ద విద్యార్థే ఎక్కువ ప్రశ్నలు వేశాడు.

చాలాకాలం కోస్టర్ల పట్టాలు చెక్క దిమ్మల మీదే ఉండేవి. ఉక్కు గొట్టాన్ని వంచి పట్టాగా వాడిన మొదటి కోస్టరు అమెరికాలో డిస్నీలాండ్‌లో వచ్చింది. మాటర్‌హార్న్ అనే ఆల్ప్స్ శిఖరం నమూనాగా ఒక కొండ కట్టి దాని చుట్టూ, లోపలా నడిపారు. అది 1959 జూన్. భిలాయిలో మొదటి ఫర్నేసు మొదలైన ఏడే. చెక్కని అన్ని వైపులా తిప్పలేం గానీ గొట్టాన్ని తిప్పొచ్చు. గొట్టానికి పైనా పక్కనా కిందా చక్రాలు పెట్టి కరిపించొచ్చు. పై చక్రం బరువు మోస్తుంది, పక్క చక్రం మలుపులో కాస్తుంది, కింది చక్రం బండి ఎగిరిపోకుండా పట్టుకుంటుంది. తలకిందులైనా బండి పట్టాని వదలదు.

“లూపు మాత్రం అంతకుముందే చేశారు” అన్నాను. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అని ఒకటి పెట్టారు. కచ్చితమైన వృత్తం. ఎక్కినవాళ్లు మెడలు పట్టుకుని దిగేవారు.

“గుండ్రంగా సేస్తే మెడెందుకు పడతాది?” మావయ్య ప్రశ్న.

తిన్నగా పోతున్న బండి ఒక్కసారిగా వృత్తంలోకి దూరితే ఆ క్షణంలోనే పూర్తి బరువు మీద పడుతుంది. ఒంట్లో బలహీనమైన చోటు మెడ. అదే వంపుని కొద్దికొద్దిగా బిగిస్తూ పోతే ఒళ్లు తట్టుకుంటుంది. అందుకే ఇప్పటి లూపులు గుండ్రంగా ఉండవు, నీటిబొట్టులా ఉంటాయి. కింద వెడల్పు, పైన ఇరుకు. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో ఆంటన్ ష్వార్జ్‌కాఫ్ కట్టిన కోస్టరుకి వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజనీరు అలా లెక్క కట్టి ఇచ్చాడు. ఆ తర్వాత లోకమంతా అదే దారి.

మావయ్య కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. పక్క లైను మలుపు తిరుగుతోంది.

“రైలు పట్టా కూడా అంతే కదరా. తిన్నగా వచ్చి టక్కున తిరగదు. మెల్లగా మెల్లగా వంపు తీసుకుంటాది. మన పట్టాలు వేగన్ల మీద పోతన్నపుడు సూడు, బండితో పాటు అవీ వంగుతాయి.”

ఆయన చెప్పింది భిలాయివాళ్లు రోజూ చూసే దృశ్యం. అక్కడి మిల్లులో 130 మీటర్ల పొడవున పట్టాలు తీస్తారు. రెండింటిని అతికి 260 మీటర్ల ముక్కగా బయటికి పంపుతారు. అంత పొడుగు పట్టా అనేక వ్యాగన్ల మీదుగా పడుకుని, మలుపులో వాటితో పాటే వంగి, మలుపు దాటాక తిన్నగా అవుతుంది. రైల్వే ఇంజనీర్లు మలుపు మొదట్లో పెట్టే ఆ మెల్లని వంపూ, స్టెంగెల్ లూపుకి పెట్టిన వంపూ లెక్కల్లో దగ్గరి బంధువులు. నేను పుస్తకంలో చదివి చెప్పేదాన్ని మావయ్య కళ్లతో చూసి చెప్పాడు. ఆయన్ని బడికి పంపి ఉంటే ఏమయ్యేవాడో అని ఆ పూట నాకు గట్టిగా అనిపించింది.

పుణెలో దిగి, కారు మాట్లాడుకుని, పొద్దున్నే ఘాట్ దిగాం. వానలు అప్పుడే వెనకబట్టాయి. కొండలన్నీ పచ్చగా, అక్కడక్కడా సన్నటి జలపాతాలతో ఉన్నాయి. ఆ పచ్చదనం మధ్య నైట్రో దూరం నుంచే కనబడింది. 132 అడుగుల ఎత్తు, అంటే 40 మీటర్లు. స్విట్జర్లాండ్‌కి చెందిన బోలిగర్ అండ్ మాబియార్ కంపెనీ తయారీ. 5 సార్లు తలకిందులు చేస్తుంది. బండిని పైకి ఎత్తడానికే మోటారు, గొలుసు. ఆ తర్వాత ఇంజనంటూ ఏదీ ఉండదు. ఎక్కిన ఎత్తే దాని పెట్రోలు. 40 మీటర్ల నుంచి దిగే వస్తువు, గాలినీ రాపిడినీ పక్కన పెడితే, అడుగుకి వచ్చేసరికి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. బరువెంతైనా ఒకటే లెక్క.

పాప పరుగులాంటి నడకతో క్యూ వైపు వెళ్లింది. మావయ్య మాత్రం దారి పక్కన ఒక సపోర్టు దగ్గర ఆగిపోయాడు. కాంక్రీటు దిమ్మ మీద బేస్ ప్లేటు, దాని చుట్టూ బోల్టులు, స్తంభానికి అతికిన గసెట్లు. చేతులు వెనక్కి కట్టుకుని వంగి, వెల్డింగు కుట్టు వెంబడి కళ్లు నడిపించాడు. అండర్‌కట్ లేదు, ఉబ్బు లేదు, మొదట్నుంచి చివరిదాకా ఒకే వెడల్పు. పెయింటు కింద కూడా ఆ అలలు తెలుస్తున్నాయి. ఒకచోట వేలితో గాల్లోనే గీత గీశాడు, ఎలక్ట్రోడ్ ఎటు నుంచి ఎటు నడిచిందో చూపిస్తూ.

“ఎవడు కొట్టాడో గానీ సెయ్యి వణకలేదు” అన్నాడు.

రోజూ గేట్లు తెరవక ముందు ఇలాంటి రైడ్లని మనుషులు చూసుకుంటారని, ఖాళీ బండిని తిప్పి చూశాకే జనాన్ని ఎక్కిస్తారని చెప్పాను. పట్టాలో కంటికి కనబడని పగుళ్ల కోసం అల్ట్రాసోనిక్ పరీక్షలూ ఉంటాయి. మావయ్య తల ఊపాడు. ఆ పరీక్షలు ఆయనకి కొత్త కాదు. తాను వెల్డింగు చేసిన జాయింట్ల మీద ఇన్‌స్పెక్టర్లు ఆ మిషను పెట్టి చూస్తుంటే పక్కనే నిలబడి ఊపిరి బిగబట్టినవాడు.

క్యూలో బోర్డు ఉంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు, మెడ, నడుము బాధలున్నవాళ్లు, గర్భిణులు ఎక్కకూడదని. బావ అది రెండుసార్లు చదివి మావయ్య వైపు తిరిగాడు.

“నాన్నా, నువ్వొద్దు. కింద కూచో.”

“నాకేటైంది? బీపీ లేదు, సుగరు లేదు.”

“కాలు?”

“కాలుతో పనేటి, కూసోడానికి?”

బావ వినలేదు. గేటు దగ్గరి కుర్రాణ్ణి పిలిచి, మా నాన్నకి కాలు విరిగి అతికింది, ఎక్కొచ్చా అని హిందీలో అడిగాడు. ఎప్పుడు విరిగింది, ఇప్పుడు నొప్పి ఉందా, కడ్డీలేమైనా ఉన్నాయా, తనంతట తాను నడుస్తారా, మెట్లెక్కుతారా అని ఆ కుర్రాడు ఓపిగ్గా అడిగి, మావయ్యని నడిపించి చూసి, పర్వాలేదన్నాడు. అప్పటికిగానీ బావ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా మొహం తేలిక పడలేదు. క్యూ మెల్లగా కదులుతుంటే నా భుజం మీద చెయ్యి వేసి, మావయ్యకి వినబడనంత గొంతుతో చెప్పుకొచ్చాడు.

“నీకు తెలీదు బావా, నాకప్పుడు ఎనిమిదేళ్లు. హథ్‌ఖోజ్‌లోనే, ఒక షెడ్డు మీద పని. రాత్రి వాన పడింది, పొద్దున్న పర్లిన్ తడిగా ఉంది. బెల్టు కావాలని అడిగాడంట నాన్న. బెల్టు కట్టుకుంటే పని నడవదు, కొక్కెం మార్చుకోడానికే సగం రోజు పోద్దన్నాడంట కంట్రాక్టరు. ఇరవై అడుగులు. కింద ప్లేట్ల దొంతర. నాన్నని ఆటోలో వేసుకుని వస్తే అమ్మ గుమ్మంలోనే కూలబడిపోయింది. ఆర్నెల్లు మంచం మీదే. ఆ ఆర్నెల్లూ మా ఇంట్లో ఏం తిన్నామో నాకిప్పటికీ గుర్తుంది.”

ఇరవై అడుగుల మీంచి పడ్డ మనిషి నేలని తాకేసరికి గంటకు దాదాపు 40 కిలోమీటర్ల వేగంలో ఉంటాడు. పిల్లలకి బోర్డు మీద ఈ లెక్క చాలాసార్లు చేయించాను. రాయిని వదిలినట్టు చేయిస్తాం, మనిషిని అనం.

“ఒక్క బెల్టు బావా” అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఒక్క బెల్టు ఉండుంటే మా నాన్న ఇలా కుంటేవాడు కాదు. అందుకే ఇలాంటి చోటికి వస్తే నాకు భయం. ఎవడో సరిగ్గా చూడడు, ఏదో బిగించడు. నేను చూసుకోవాలి.”

నేనేం అనలేకపోయాను. ఆ నడక వెనక ఇంత ఉందని అంతవరకూ నాకెవరూ చెప్పలేదు.

స్టేషన్‌లోకి వెళ్లేముందు జేబుల్లో ఉన్నవన్నీ తీసి పక్కన పెట్టమన్నారు. సెల్‌ఫోన్లు, కళ్లద్దాలు, పర్సులు. బావ జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. షట్టరువి, ఆఫీసువి, బీరువావి, పెద్దవీ చిన్నవీ కలిపి గుప్పెడున్నాయి. దాన్ని అరలో పెట్టి, అక్కడున్న అమ్మాయికి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. “షాపు తాళాలమ్మా, జాగ్రత్త. ఇవి నా దగ్గర లేకపోతే అక్కడ ఒక్క పనీ ముందుకి కదలదు.”

వరసకి నలుగురు. పాప, బావ, మావయ్య, నేను. అక్కకి కళ్లు తిరుగుతాయని కింద ఆగిపోయింది. సీట్లో కూర్చోగానే తల మీంచి బరువైన బార్ దిగి రెండు భుజాలనీ ఛాతీనీ అదిమి పట్టింది. దాని కింది నుంచి ఒక బెల్టు వచ్చి కాళ్ల మధ్య బకిల్‌లో పడింది. సిబ్బందిలో ఒక కుర్రాడు వరస పొడవునా నడుస్తూ ఒక్కొక్కరి బార్‌నీ ముందు కిందికి నొక్కి, తర్వాత పైకి లాగి, బెల్టు గుంజి చూసుకుంటూ వచ్చాడు. అవతల వైపు ఇంకొకడు అదే పని మళ్లీ చేశాడు.

“దానిది ఇంకోసారి చూడు” అన్నాడు బావ, పాపని చూపించి.

“దేఖ్ లియా సర్.”

“ఫిర్ సే దేఖో.”

ఆ కుర్రాడు విసుక్కోలేదు. మళ్లీ నొక్కాడు, లాగాడు, బొటనవేలు పైకెత్తి చూపించాడు. బావ అప్పటికీ తృప్తిపడక తనే చెయ్యి చాచి పాప బకిల్ తడిమి చూశాడు. తర్వాత మావయ్యది. ఏ ఒక్క బార్ పూర్తిగా పడకపోయినా బండిని కదలనివ్వరు. అందరివీ పడ్డాయని నిర్ధారణ అయ్యాకే పంపిస్తారు. డబ్బున్నవాడిదనీ లేనివాడిదనీ తేడా ఉండదు, చిన్నా పెద్దా ఉండదు. నాకు ఈ యంత్రాల్లో అన్నిటికన్నా నచ్చేది ఇదే, వాటి వేగం కాదు.

మావయ్య తన బార్ మీద చెయ్యి వేసి నిమురుతున్నాడు. “బాగా సేస్తన్నారు” అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

అప్పుడు కాళ్ల కింద నేల జారిపోయింది. నైట్రోకి అడుగు ప్లాట్‌ఫారం ఉండదు. స్టేషన్‌లో పాదాల కింద ఉన్న తలాలు బయల్దేరేముందు తప్పుకుంటాయి. చెప్పులు ముందే విడిచాం, పాదాలు గాల్లో వేలాడాయి. పాప కేక పెట్టింది. గొలుసు అందుకుంది. టక్, టక్, టక్ మని కింద శబ్దం. బండి వెనక్కి జారకుండా ఒక్కో పన్ను దగ్గరా పడే కొక్కెం చప్పుడది. మావయ్య చెవి ఒగ్గి విన్నాడు. విని, ఏమిటో అర్థమై, నా వైపు తిరిగి చిన్నగా తల పంకించాడు.

పైకి పోతున్నకొద్దీ కొండలు దిగివచ్చాయి. ఖండాలా వైపు మబ్బు గట్ల మీద ఆనుకుని ఉంది. కింద పార్కులో మనుషులు రంగుల చుక్కలు. బావ రెండు చేతులా బార్ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మావయ్య మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు. ఆ ఎత్తు ఆయనకి కొత్త కాదు; ఆ ఎత్తులో పని లేకుండా కూర్చోవడం కొత్త. ఎత్తు మీద పనిచేసేవాడు ఒక చేత్తో హోల్డరు పట్టుకుంటే రెండో చెయ్యి ఇనుముని వదలకూడదు. పనిచేసినన్నాళ్లూ ఆ చేతిని ఆయన వదల్లేదు. వదిలింది ఒక్కసారే.

శిఖరం దగ్గర బండి ఒక్క క్షణం తటపటాయించింది. అప్పుడు మావయ్య ముందు కుడి చెయ్యి ఎత్తాడు. తర్వాత ఎడమ చెయ్యీ ఎత్తాడు.

ఆ పైన జరిగింది వరసగా చెప్పలేను. కడుపు గొంతులోకి వచ్చింది. కొండ కిందికి, ఆకాశం పక్కకి వెళ్లాయి. లూపు అడుగున తల, చేతులు, చెంపలు అన్నీ మూడు నాలుగింతల బరువెక్కాయి, పైన తలకిందులుగా ఉన్న ఆ క్షణంలో మాత్రం ఒళ్లు దూదయింది. స్టెంగెల్ లెక్క మెడకి తెలిసింది. నొప్పి లేదు, మెల్లగా బిగిసి మెల్లగా వదిలింది. పాప అరుపు, గాలి, ఉక్కు హోరు. అన్నిటికీ పైన మావయ్య గొంతు. “ఓర్నాయనో! ఓర్నాయనో!” అంటూ నవ్వుతున్నాడు. ఆయన్ని అలా నవ్వగా అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

దిగాక మెట్ల పక్కన కౌంటర్లో ఫొటోలు చూపిస్తారు. మొదటి దిగుడులో కెమెరా తీసినవి. మా వరస అద్భుతంగా వచ్చింది. పాప నోరంతా తెరుచుకుని, బావ కళ్లు బిగించి మూసుకుని, మధ్యలో మావయ్య నెరిసిన జుట్టు గాలికి లేచి, రెండు చేతులూ పైకెత్తి. బావ ప్రింటు తీయించాడు. తాళాల గుత్తి తీసుకుని, లెక్క చూసుకుని జేబులో వేసుకున్నాడు. ఫోను చేతికి రాగానే ఆ ప్రింటుని మళ్లీ ఫొటో తీసి షాపు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, ‘మా నాన్న!’ అని రాసి.

నీడపట్టున బల్ల దగ్గర కూర్చుని చాయ్, వడాపావ్ తింటున్నాం. మావయ్య ప్రింటుని రెండు చేతుల్లో పట్టుకుని అక్కకి ఒక్కొక్కటీ వివరిస్తున్నాడు, బార్ ఎలా దిగిందో, బెల్టు ఎలా పడిందో, ఇద్దరు మనుషులు ఎలా గుంజి చూశారో. ఫోను మోగింది. గ్రూపులో జవాబు.

హథ్‌ఖోజ్ గోడౌన్ షెడ్డు. ఆఖరి పర్లిన్ కూడా ఎక్కేసింది. కొప్పు మీద, అరచెయ్యి వెడల్పు చానల్ మీద మావయ్య ఊరి కుర్రాడు నిలబడి ఉన్నాడు. చుట్టూ పట్టుకోడానికి ఏదీ లేదు, వెనక ఆకాశం ఉంది. రెండు చేతులూ పైకెత్తి, నోరారా నవ్వుతున్నాడు. కింద వాడి గొంతు: “అన్నయ్యా, మేవూ ఎక్కీసినాం!”

పాప పకపకా నవ్వింది. “వీడు అసాధ్యుడు. పని అయిపోయింది చూశావా, చెప్పిన రోజుకన్నా ముందే” అని బావ మురిసిపోతూ ఫోను మావయ్య చేతికిచ్చాడు.

మావయ్య ప్రింటు పక్కన పెట్టాడు. తెర మీద రెండు వేళ్లు పెట్టి ఫొటోని పెద్దది చేశాడు. ముందు కుర్రాడి భుజాలు చూశాడు. తర్వాత నడుము. తర్వాత పాదాల చుట్టుపక్కల. మళ్లీ నడుము దగ్గరికే వచ్చాడు.

“ఎంతెత్తురా ఇది?”

“ముప్పై అడుగులు నాన్నా.”

“బెల్టేది?”

“ఉన్నాయి నాన్నా, లేకేం” అన్నాడు బావ, పాప కప్పులో చాయ్ చల్లారుస్తూ. “నాలుగు కొన్నాను, ఐఎస్ఐ మార్కువి, ఒంటి నిండా వచ్చేవి. పార్టీవాళ్ల సేఫ్టీ ఆఫీసరు వచ్చినప్పుడు కొత్తగా కనబడాలి కదా. వీళ్ల చేతికిస్తే వారంలో మసి చేసేస్తారు. స్టోర్లో బీరువాలో పెట్టించాను.”

“తియ్యమని సెప్పు. ఇప్పుడే ఫోన్ సేసి సెప్పు.”

బావ చెయ్యి జేబు మీదికి వెళ్లింది. గుత్తి గలగలమంది.

“తాళం నా దగ్గరే ఉంది నాన్నా.”